సైనిక్ స్కూల్ ఆరో తరగతి ఎంట్రన్స్‌లో పదాల అనాలజీలు: పిల్లలతో ఎలా చేయించాలి

సైనిక్ స్కూల్ ఎంట్రన్స్‌కు పిల్లల్ని సిద్ధం చేసే ఇళ్లలో సాయంత్రమంతా లెక్కలకే పోతుంది. అందులో తప్పేమీ లేదు. మొత్తం 300 మార్కుల్లో లెక్కలవే 150. మిగిలిన 150లో భాషకు 50, జనరల్ నాలెడ్జ్‌కు 50, ఇంటెలిజెన్స్‌కు 50. ఈ ఇంటెలిజెన్స్ విభాగంలో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు. పదాల అనాలజీలు, అంటే ఒక జత పదాల మధ్య ఉన్న సంబంధాన్ని పట్టుకుని అదే సంబంధంతో మరో జతను పూర్తిచేసే ప్రశ్నలు, ఇక్కడే వస్తాయి. ఒక లెక్క 3 మార్కుల కోసం రెండు నిమిషాలు తినేస్తుంది. పద్ధతి తెలిసిన పిల్లలకు ఒక అనాలజీ అర నిమిషం పని. ఆ మిగిలిన టైమంతా మళ్లీ లెక్కలకే పనికొస్తుంది.

అయితే చాలామంది వీటిని గైడు ముందేసుకుని జవాబులు బట్టీ పట్టిస్తారు. కుమ్మరి అంటే కుండ, దర్జీ అంటే బట్టలు, ఇలా వందల జతలు. పరీక్షలో అదే జత రాదు, వచ్చినా పక్కన వేరే పదం ఉంటుంది. నేర్పాల్సింది ఒక్క అలవాటే: ఆప్షన్ల వైపు చూడకముందే మొదటి రెండు పదాల్నీ కలిపి ఒక వాక్యం చెప్పడం. కింద చెప్పేదంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

అంతకంటే ముందు మీడియం సంగతి తేల్చుకోండి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. తొమ్మిదో తరగతికైతే ఇంగ్లిష్ ఒక్కటే. ఏ మీడియమో దరఖాస్తులోనే చెప్పాలి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరినా కలికిరి స్కూల్లో చేరినా లోపల చదువు ఇంగ్లిష్‌లోనే కదా, పరీక్షా అందులోనే రాయిద్దాం అనుకునే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ రెండిటికీ ముడి పెట్టకండి. అనాలజీల్లో పదం తెలియడమే సగం పని. మీ పిల్లలకు ఏ భాషలో ఎక్కువ పదాలు తెలుసో ఆ భాషలో రాయనివ్వండి. పల్లెలో పెరిగి తెలుగు బడిలో చదివిన పిల్లలకు మగ్గం, కొలిమి, నాగలి, తక్కెడ ఎవరూ నేర్పకుండానే వచ్చి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగు చదవడానికి తడుముకునే పిల్లలకు ఇంగ్లిషే నయం. పద్ధతి మాత్రం రెండిటికీ ఒకటే.

ఆప్షన్లు మూసి, వాక్యం చెప్పించండి

ప్రశ్న ఇలా ఉంటుంది:

కుమ్మరి : కుండ :: వడ్రంగి : ?
(1) రంపం (2) కలప (3) బల్ల (4) ఉలి

ముందుగా ఆ చుక్కల్ని నోటితో చదవడం నేర్పండి. "కుమ్మరికి కుండ ఎలాగో, వడ్రంగికి ఏది అలాగ?" మొదటిసారి చూసే పిల్లలు ఈ చుక్కలకే బెదురుతారు. చదవడం వస్తే బెదురు పోతుంది.

తర్వాత ఆప్షన్లను అరచేత్తో మూయమనండి. మాటవరసకు కాదు, నిజంగానే చెయ్యి పెట్టి మూయాలి. మూయకపోతే కన్ను వడ్రంగి మీద పడి, అక్కణ్నుంచి నేరుగా రంపం మీదికి దూకుతుంది. వడ్రంగి అనగానే రంపం గుర్తుకు రావడం సహజమే. పై నాలుగు ఆప్షన్లలో వడ్రంగితో సంబంధం లేనిది ఒక్కటి కూడా లేదు, చూడండి. ప్రశ్న తయారుచేసినవాళ్లు కావాలనే అలా పెడతారు. వడ్రంగికి దగ్గరగా ఉన్నదేదా అని వెతికితే నాలుగూ సరైనవిగానే కనిపిస్తాయి.

ఇప్పుడు మొదటి జతతో వాక్యం. "కుమ్మరి కుండ చేస్తాడు." కుమ్మరి ఉన్న చోట వడ్రంగిని పెట్టి, కుండ ఉన్న చోట ఖాళీ వదలాలి. "వడ్రంగి ఏం చేస్తాడు?" అప్పుడు చెయ్యి తీయాలి. వడ్రంగి రంపం చేస్తాడా? చెయ్యడు, వాడతాడు. కలప చేస్తాడా? కలప చెట్టు నుంచి వస్తుంది. ఉలి చేసేది కమ్మరి. బల్ల చేస్తాడు. జవాబు 3.

మూడో ఆప్షన్ దగ్గరే జవాబు దొరికినా నాలుగోదాన్ని కూడా వాక్యంలో పెట్టి చూడాల్సిందే. రెండు క్షణాల పని అది. దాన్ని వదిలేసే పిల్లలే ఎక్కువగా తప్పులు చేస్తారు.

వాక్యం ఎలా ఉండాలో కూడా చెప్పాలి. అందులో రెండు పదాలూ ఉండాలి, ఒకదానికి మరొకటి ఏమవుతుందో తెలియాలి. "కుమ్మరికీ కుండకీ సంబంధం ఉంది" అంటే ఏమీ చెప్పనట్టే. "కుమ్మరి దగ్గర కుండ ఉంటుంది" అన్నా చాలదు. వడ్రంగి దగ్గర రంపం, కలప, ఉలి, బల్ల అన్నీ ఉంటాయి కదా. పిల్లలు మొదట్లో ఇలాంటి వాక్యాలే చెబుతారు. తప్పు అని కొట్టిపారేయకండి. ఆ వాక్యంలోనే నాలుగు ఆప్షన్లూ పెట్టి చూపించండి. అన్నీ సరిపోతున్నాయని వాళ్లే గ్రహించి, వాళ్లే మార్చుకుంటారు.

రెండు ఆప్షన్లు సరిపోతే వాక్యాన్ని బిగించండి

పాము : పుట్ట :: తేనెటీగ : ?
(1) పువ్వు (2) తేనె (3) మైనం (4) పట్టు

"పాము పుట్టలో ఉంటుంది" అని పిల్లవాడు చెప్పాడనుకోండి. మంచి వాక్యమే. తేనెటీగను పెడితే? తేనెటీగ పట్టులో ఉంటుంది, పువ్వులోనూ ఉంటుంది. రెండు సరిపోతున్నాయి. చాలామంది పిల్లలు ఇక్కడ ముందు కనిపించిన దాన్ని గుద్దేస్తారు. చేయాల్సింది అది కాదు. మొదటి జత దగ్గరికి వెనక్కి వెళ్లి, ఇంకాస్త గట్టి వాక్యం చెప్పాలి. "పాముకు పుట్ట నివాసం." తేనెటీగకు పువ్వు నివాసం కాదు, తిండి కోసం వెళ్లి వచ్చే చోటు. జవాబు పట్టు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. మొదటి జతకు నిజం కాని మాట చేర్చకూడదు. "పాము పుట్ట కడుతుంది" అంటే ఈ ప్రశ్నలో జవాబు మారకపోవచ్చు, కానీ పుట్ట కట్టేది చెదపురుగులు. మరో ప్రశ్నలో అదే మాట తప్పు దారి పట్టిస్తుంది. కొత్త వాక్యం చెప్పిన ప్రతిసారీ "ఇది మొదటి జతకు నిజమేనా?" అని అడిగే అలవాటు చేయండి.

కాస్త కష్టమైన ప్రశ్న ఒకటి:

తుంపర : కుంభవృష్టి :: పిల్లగాలి : ?
(1) మలయమారుతం (2) మేఘం (3) పెనుగాలి (4) గాలిపటం

"రెండూ వానలే" అంటే మలయమారుతం, పెనుగాలి రెండూ సరిపోతాయి. రెండూ గాలులే కాబట్టి. బిగిస్తే: "తుంపర చాలా తక్కువ వాన, కుంభవృష్టి చాలా ఎక్కువ వాన." పిల్లగాలి చాలా తక్కువ గాలి, మరి చాలా ఎక్కువ గాలి? పెనుగాలి. మలయమారుతం కూడా పిల్లగాలి లాంటి చల్లని గాలే. ఆ పదం తెలియని పిల్లలు, ఏదో పెద్ద మాటలా ఉంది కదా అని దాన్నే ఎంచుకుంటారు. తక్కువ-ఎక్కువల జతలు పిల్లల్ని బాగా ఇబ్బంది పెడతాయి కాబట్టి వీటి మీద ఎక్కువ టైము పెట్టండి. చిరునవ్వు-అట్టహాసం, పిల్లకాలువ-నది, గుట్ట-పర్వతం, గోరువెచ్చన-కాగిపోవడం... ఇలాంటివి రోజూ మాటల్లో దొర్లుతూనే ఉంటాయి.

ఎంత బిగించినా రెండు మిగిలే సందర్భాలూ ఉంటాయి. "సూర్యుడు : పగలు :: చంద్రుడు : ?" అని అడిగి రాత్రి, వెన్నెల, నక్షత్రాలు, పౌర్ణమి ఇచ్చారనుకుందాం. తెలివైన పిల్లలు ఇక్కడ వాదిస్తారు. చంద్రుడు పగలు కూడా కనిపిస్తాడు కదా, రాత్రి కాక వెన్నెల ఎందుకు కాకూడదు అంటారు. ఆ మాట నిజమే, మెచ్చుకోండి. ఆ తర్వాత, ఈ ప్రశ్న పదేళ్ల పిల్లల కోసం వేసిందని చెప్పండి. ఈ పరీక్షకు వయసు 10 నుంచి 12 ఏళ్లు. అందరికీ తెలిసిన మామూలు సంబంధాన్నే ప్రశ్న వేసినవాళ్లు మనసులో పెట్టుకుంటారు. జవాబు రాత్రి.

దిక్కు తప్పకూడదు

కొన్ని ప్రశ్నల్లో ఒక పదం కాక, జత మొత్తాన్నీ ఎంచుకోమంటారు.

థర్మామీటర్ : ఉష్ణోగ్రత
(1) వర్షం : వర్షమాపకం (2) బారోమీటర్ : వాతావరణ పీడనం (3) గడియారం : గోడ (4) తక్కెడ : కొట్టు

"థర్మామీటర్ ఉష్ణోగ్రతను కొలుస్తుంది." మొదటి ఆప్షన్‌లో పెట్టి చూస్తే "వర్షం వర్షమాపకాన్ని కొలుస్తుంది" అని వస్తుంది. అర్థం లేదు. వస్తువులు సరైనవే, వరస తిరగబడింది. గడియారం, తక్కెడ కూడా కొలిచే పరికరాలే. కానీ వాటి పక్కన అవి కొలిచేవి లేవు, అవి ఉండే చోట్లు ఉన్నాయి. రెండోదే జవాబు.

సంబంధం తెలిసీ పోయే మార్కులు ఇక్కడివే కాబట్టి నాకు బాధగా ఉంటుంది. మందు తేలికే: పదాల్ని ఇచ్చిన వరసలోనే వాక్యంలో పలకాలి. "వేలు : చెయ్యి" అని ఇస్తే "వేలు చేతిలో భాగం" అనాలి, "చేతికి వేళ్లుంటాయి" అనకూడదు. వరస మార్చకుండా వాక్యం చెప్పడం అలవాటైతే, తిరగబడ్డ ఆప్షన్ వాక్యంలో ఇమడక దానంతటదే బయటపడుతుంది.

పదం ఏ రకమో కూడా ఓ కన్నేసి ఉంచాలి. "కత్తి : కోయడం :: చీపురు : ?" అంటే జవాబూ పని పేరే కావాలి. ఊడ్చడం, చెత్త, ఇల్లు, శుభ్రం ఇస్తే పని పేరు ఒక్కటే ఉంది.

ఏ రకం సంబంధాలు వస్తాయి

గైడ్లలో వీటికి పెద్ద జాబితాలుంటాయి. రకాల పేర్లు పిల్లలకు అక్కర్లేదు, వాక్యాలు వస్తే చాలు. పర్యాయపదాలు (నీరు-జలం, నిప్పు-అగ్ని), వ్యతిరేకపదాలు (లాభం-నష్టం) పాఠాల్లో వచ్చేవే. పనివాడు-పనిముట్టు, పనివాడు-తయారుచేసేది, ముడిసరుకు-వస్తువు, భాగం-మొత్తం, పరికరం-కొలిచేది: ఇవి నాలుగైదు రోజుల్లో పట్టుబడతాయి.

జంతువుల దగ్గర మాత్రం ఆగండి. ఒక్క జంతువుతోనే నాలుగైదు రకాల ప్రశ్నలు వేయొచ్చు: దాని పిల్ల, ఇల్లు, అరుపు, తిండి, గుంపు. అరుపుల పేర్లు మన భాషలో ఎంత బాగుంటాయో, ఇప్పటి పిల్లలకు అంతగా అలవాటు తప్పాయి. సింహం గర్జిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, పాము బుస కొడుతుంది, కుక్క మొరుగుతుంది, తేనెటీగ ఝుంకారం చేస్తుంది. కాగితం మీద రాసిచ్చి చదవమంటే విసుగొస్తుంది. మీరు ఆ అరుపు అరిచి, దాని పేరు వాళ్లను చెప్పమనండి. సకిలించి చూపించిన తల్లిని, తండ్రిని ఏ పిల్లా మరిచిపోదు, ఆ పదాన్నీ మరిచిపోదు.

జనరల్ నాలెడ్జ్‌తో ముడిపడ్డవి మరో రకం. "నాగార్జునసాగర్ : కృష్ణ :: శ్రీరాంసాగర్ : ?" అంటే సాగర్ కృష్ణా నది మీద కట్టిన ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ గోదావరి మీద కట్టింది. ఆప్షన్లలో నిజామాబాద్ ఉందనుకోండి, ప్రాజెక్టు ఆ ప్రాంతంలోదే కదా అని అటు చెయ్యి పోతుంది. వాక్యం చెప్పుకున్న పిల్లలు అటు పోరు. దేశం-కరెన్సీ (జపాన్-యెన్, బంగ్లాదేశ్-టాకా), రాష్ట్రం-రాజధాని, సైన్యంలో హోదాలు చూసుకోండి. ఆర్మీలో జనరల్ ఎలాగో, నౌకాదళంలో అడ్మిరల్, వాయుసేనలో ఎయిర్ చీఫ్ మార్షల్ అలాగ. సైనిక్ స్కూల్‌కు వెళ్లాలనుకునే పిల్లలు ఈ హోదాల్ని ఇష్టంగా నేర్చుకుంటారు. జనరల్ నాలెడ్జ్ విభాగానికీ ఇదే చదువు పనికొస్తుంది.

నవోదయ పరీక్ష కూడా రాయిస్తున్నవాళ్లకు ఒక మాట. అక్కడ మెంటల్ ఎబిలిటీలో 40 ప్రశ్నలూ బొమ్మలతోనే ఉంటాయి, పదాల అనాలజీలుండవు. బొమ్మల అనాలజీకి కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది: "మొదటి బొమ్మ కుడివైపు పావు వంతు తిరిగి, లోపల నలుపు నిండింది" అని ముందు చెప్పుకుని, తర్వాత ఆప్షన్లు చూడాలి.

తెలియని పదం వస్తే

విమానం : హ్యాంగర్ :: ఓడ : ?
(1) లంగరు (2) రేవు (3) తెరచాప (4) నావికుడు

హ్యాంగర్ అంటే ఏమిటో మీ అమ్మాయికి తెలియదనుకుందాం. మొదటి జతతో వాక్యం కుదరదు. వదిలేయమనకండి. వెనక నుంచి రావచ్చు. ఓడను ఒక్కో ఆప్షన్‌తో కలిపి వాక్యం చెప్పించండి. లంగరు ఓడను కదలకుండా ఆపుతుంది. ఓడ వచ్చి రేవులో నిలుస్తుంది. తెరచాప గాలిని పట్టి ఓడను నడిపిస్తుంది. నావికుడు ఓడలో పనిచేస్తాడు. ఇప్పుడు ప్రతి వాక్యంలో ఓడ తీసేసి విమానం పెట్టండి. విమానంలో పనిచేసే మనిషిని పైలట్ అంటారు, ఆ పదం తనకు తెలుసు. హ్యాంగర్ మనిషి కాదన్నమాట. గాలిలో నిలబెట్టేవి రెక్కలు, అదీ తెలుసు. విమానానికి లంగరు ఎక్కడా వినలేదు. నిలిపే చోటు ఒక్కటే మిగిలింది. రేవు. హ్యాంగర్ అంటే విమానాన్ని నిలిపి ఉంచే పెద్ద షెడ్డే మరి.

ఇలా ప్రతిసారీ ఒక్కదాని దగ్గరే తేలకపోవచ్చు. నాలుగింటిలో రెండు తీసేయగలిగినా మేలే. ఈ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఖాళీ వదలడంలో అర్థం లేదు.

ఇంట్లో రోజూ చేయాల్సింది

పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. అందులో సగం నోటితోనే చేయించండి. అన్నం తింటున్నప్పుడు, బస్సులో వెళ్తున్నప్పుడు మీరు రెండు పదాలు అనండి, వాళ్లు వాక్యం చెప్పాలి. "పప్పు, గుత్తి." "గుత్తితో పప్పు మెదుపుతారు." "మజ్జిగ, కవ్వం." "కవ్వంతో మజ్జిగ చిలుకుతారు." వరస తిరగేసి చెప్పారు కదా, దిద్దండి: "పప్పును గుత్తితో మెదుపుతారు." మొదటి వారం ఆప్షన్ల జోలికే వెళ్లకండి. వాక్యాలు తడుముకోకుండా వస్తున్నాయని నమ్మకం కుదిరాకే కాగితం మీదికి రండి.

రెండో వారం నుంచి ప్రశ్నలు వాళ్లనే తయారుచేయమనండి. నా దృష్టిలో ఇంత బాగా పనిచేసే సాధన ఇంకొకటి లేదు. జవాబు పెట్టడం సులువే, తప్పు ఆప్షన్లు మూడు పెట్టడమే కష్టం. "నాన్న ఏది చూసి మోసపోతాడు?" అని ఆలోచించి రైతు పక్కన నాగలి, ఎద్దు, పొలం పెట్టిన పిల్లకు పరీక్షలో అదే ఎత్తుగడ ఎదురైతే ఇట్టే తెలిసిపోతుంది.

తప్పుల కోసం ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: పదం తెలియలేదు, వాక్యం వదులుగా ఉంది, దిక్కు తప్పింది, నాలుగో ఆప్షన్ చూడలేదు. రెండు వారాలయ్యాక ఏ కారణం ఎక్కువుందో లెక్కపెట్టండి. పదాలు తెలియకపోతే కథల పుస్తకాలు, పిల్లల పత్రికలు చదివించాలి, ఇంకా ప్రశ్నలు చేయించి లాభం లేదు. వాక్యం వదులుగా ఉంటే మళ్లీ నోటి సాధనకు వెళ్లాలి. నాలుగో ఆప్షన్ చూడకపోవడం తొందర వల్ల వచ్చేది. దానికి తిట్టడం మందు కాదు, మరింత టెన్షన్ పెరుగుతుంది. కొన్నాళ్లు గడియారం పక్కన పెట్టి నిదానంగా చేయించండి.

పాత ప్రశ్నపత్రాల్ని చివరి నెల కోసం దాచుకోండి. అప్పుడు అనాలజీల్ని విడిగా కాకుండా పేపరు మొత్తంలో భాగంగా చేయించాలి.

పరీక్ష రోజు

125 ప్రశ్నలకు 150 నిమిషాలు. పేపర్లో భాష ముందు, తర్వాత లెక్కలు, ఆ తర్వాత ఇంటెలిజెన్స్, చివర జనరల్ నాలెడ్జ్. లెక్కల దగ్గర ఇరుక్కుపోతే ఇంటెలిజెన్స్‌కు వచ్చేసరికి పిల్లలు అలసిపోయి ఉంటారు, టైమూ ఉండదు. లెక్కలకు ముందే ఇంటెలిజెన్స్ చేయించి చూడండి, మాక్ టెస్టుల్లో మార్కులు పెరిగితే ఆ వరసే ఖాయం చేసుకోండి. అలా చేస్తే ఓఎంఆర్ షీటులో (వృత్తాలు నింపే జవాబు పత్రంలో) నంబరు తప్పకుండా దిద్దడం కూడా మాక్ టెస్టుల్లోనే అలవాటు కావాలి. బాల్ పెన్నుతో ఒకసారి నింపిన వృత్తాన్ని మార్చలేరు.

హాల్లో బయటికి వినపడేలా వాక్యం చెప్పలేరు కాబట్టి, పెదవి కదపకుండా మనసులో చెప్పుకోవడం చివరి పది పదిహేను రోజుల్లో సాధన చేయించండి. కొందరు పిల్లలు మౌనంగా చేయమనగానే వాక్యం మానేసి నేరుగా ఆప్షన్లకు వెళ్లిపోతారు. మీకు అనుమానం వస్తే మధ్యలో ఆపి, "ఇప్పుడు ఏ వాక్యం అనుకున్నావు?" అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే ఆ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి, చెయ్యి అడ్డం పెట్టి చేయించండి.